సేంద్రియ సరుకు: గింజ ఒకటే, ధరలు రెండు

(మార్కెట్ అధ్యయనం)

సికింద్రాబాద్: మోండా మార్కెట్, జనరల్ బజార్ పరిసరాల కిరాణా వర్తకంలో కందిపప్పుకు రెండు ధరలు పలకడం ఇప్పుడు కొత్త విషయం కాదు. ఒకటి మామూలు పప్పు, రెండవది సేంద్రియ పప్పు. రెండింటినీ పక్కపక్కన పోసి చూస్తే ఎంతటి అనుభవజ్ఞుడైన వర్తకునికైనా తేడా తెలియదు. తేమ ఎంత ఉన్నదో గింజ కొరికి చెప్పవచ్చు. నూక, మట్టి, పుచ్చు జల్లెడలో తేలుతాయి. మిరపకాయ రంగు, తొడిమ చూసి రకం కట్టవచ్చు. పొలంలో ఏ ఎరువు వేశారో, ఏ మందు కొట్టారో మాత్రం గింజ చెప్పదు.

ఈ కారణంగానే సేంద్రియ వ్యాపారం మిగిలిన సరుకుల వ్యాపారానికి భిన్నమైనది. ఇక్కడ కొనుగోలుదారు గింజతోపాటు ఒక హామీని కూడా కొంటున్నాడు. ఆ హామీని ఇచ్చేది సర్టిఫికెట్. సర్టిఫికెట్ నిబంధన మారితే సరుకు మారకపోయినా ధర మారుతుంది. గత పదేళ్లలో ఈ నిబంధనలు పలుమార్లు మారాయి. వాటి సారాంశం తెలియని రైతు ధర పోగొట్టుకుంటాడు, వర్తకుడు జరిమానా కడతాడు, వినియోగదారుడు మామూలు సరుకునే హెచ్చు ధరకు కొంటాడు.

మూడు చట్రాలు

మన దేశంలో సేంద్రియ సరుకుకు సంబంధించి మూడు ఏర్పాట్లు ఉన్నాయి. మూడింటినీ కలగలిపి మాట్లాడటం వల్లనే మార్కెట్లో అయోమయం ఏర్పడుతున్నది.

మొదటిది జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం. వర్తకులు దీనిని ఎన్.పి.ఓ.పి. అంటారు. 2001లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఆధ్వర్యాన ప్రారంభమైంది. నిర్వహణ వ్యవసాయోత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ అయిన అపెడాది. ఎగుమతుల కోసం పుట్టిన ఏర్పాటు కనుక నిబంధనలు గట్టివి. ప్రభుత్వ గుర్తింపు పొందిన ధ్రువీకరణ సంస్థ పొలానికి వచ్చి తనిఖీ చేస్తుంది. తెలంగాణలో రాష్ట్ర విత్తన, సేంద్రియ ధ్రువీకరణ సంస్థ కూడా ఈ పని చేస్తున్నది. సరుకు చేతులు మారిన ప్రతిసారీ లావాదేవీ సర్టిఫికెట్ పుట్టాలి. 2010 నుంచి ఈ లెక్కలన్నీ ట్రేస్‌నెట్ అనే కంప్యూటర్ వ్యవస్థలో నమోదు అవుతున్నాయి.

రెండవది భాగస్వామ్య హామీ పద్ధతి, అనగా పి.జి.ఎస్. ఇండియా. దీనిని 2011లో కేంద్ర వ్యవసాయ శాఖ తరఫున ఘజియాబాద్‌లోని జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం ప్రవేశపెట్టింది. కనీసం ఐదుగురు రైతులు ఒక జట్టుగా ఏర్పడి ఒకరి పొలాన్ని మరొకరు తనిఖీ చేసుకుంటారు. బయటి సంస్థకు చెల్లించే తనిఖీ రుసుము భారం ఉండదు. మార్పిడి దశలో ఉన్న సరుకుకు పి.జి.ఎస్. గ్రీన్, దశ పూర్తయిన సరుకుకు పి.జి.ఎస్. ఆర్గానిక్ అనే ముద్రలు ఇస్తారు. ఈ హామీ స్వదేశీ మార్కెట్‌కు మాత్రమే పనికివస్తుంది, ఎగుమతికి చెల్లదు.

మూడవది ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. తెచ్చిన సేంద్రియ ఆహార నిబంధనలు. ఇవి 2017 డిసెంబర్‌లో గెజిట్‌లో వెలువడి 2018 జూలై 1 నుంచి అమలులోకి వచ్చాయి. అంతకుముందు స్వదేశీ మార్కెట్లో ఎవరైనా ఏ సంచిమీదనైనా సేంద్రియం అని రాసుకునే వీలుండేది. ఈ నిబంధనలతో ఆ వీలు పోయింది. పై రెండు పద్ధతులలో ఏదో ఒకదాని ప్రకారం ధ్రువీకరణ పొందిన సరుకునే సేంద్రియ ఆహారంగా అమ్మాలి. చిన్న రైతు గాని, రైతుల సంస్థ గాని తన పంటను నేరుగా వినియోగదారుకు అమ్ముకుంటే ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఉన్నది. అయితే అలాంటి సరుకు మీద ధ్రువీకరణ ముద్ర వేయరాదు. అదే సరుకు దుకాణానికి చేరి మరొకరి చేతి మీదుగా అమ్ముడుపోతే అది నేరు అమ్మకం అనిపించుకోదు. చాలామంది వర్తకులు పొరబడుతున్నది ఇక్కడే.

అయిదు శాతం లెక్క

సేంద్రియ సరుకులో పురుగుమందు అవశేషం అసలే ఉండరాదని సాధారణ అభిప్రాయం. నిబంధన మాత్రం కొంచెం వేరు. పక్క పొలం నుంచి గాలికి కొట్టుకువచ్చే మందు, కాలువ నీటిలో కలిసే మందు రైతు చేతిలో ఉండవు. అందువల్ల మామూలు సరుకుకు అనుమతించిన అవశేష పరిమితిలో 5 శాతం గాని, ప్రయోగశాల పరికరం కచ్చితంగా కొలవగల కనీస పరిమాణం గాని, రెండింటిలో ఏది ఎక్కువైతే అంతవరకు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. సహిస్తుంది.

ఉదాహరణకు ఒక మందుకు మామూలు పరిమితి కిలోకు 1 మిల్లీగ్రాము అనుకుంటే సేంద్రియ సరుకులో 0.05 మిల్లీగ్రాము వరకు చెల్లుతుంది. మామూలు పరిమితి 0.05 మిల్లీగ్రాము అయితే అందులో 5 శాతం 0.0025 మాత్రమే. పరికరం కొలవగల కనీస పరిమాణం 0.01 అయితే అప్పుడు 0.01నే లెక్కలోకి తీసుకుంటారు.

ఈ లెక్క పొలంతోపాటు గోదాముకూ వర్తిస్తుందని గమనించాలి. రైతు మూడేళ్లు నిష్ఠగా సాగుచేసిన పంటను యూరియా పోసిన గోనె సంచిలో నింపితే, లేదా పురుగు పట్టకుండా ఫాస్ఫైడ్ మాత్రలు పెట్టిన గోదాములో మామూలు బస్తాల మధ్య పేరిస్తే ఆ నిష్ఠ అంతా వృథా. పప్పుల మిల్లులో మామూలు సరుకు ఆడించిన తర్వాత యంత్రాన్ని శుభ్రం చేయకుండా సేంద్రియ సరుకు ఆడించినా అంతే. సేంద్రియ నిల్వకు బాగా ఎండబెట్టడం, గాలి చొరని సంచులు, బొగ్గుపులుసు వాయువు వంటి పద్ధతులే శరణ్యం. దీనివల్ల నిల్వ ఖర్చు పెరుగుతుంది. సేంద్రియ పప్పు ధరలో రైతుకు చేరని భాగం ఎక్కువగా ఉండటానికి ఇది ఒక కారణం.

మార్పిడి కాలం భారం

రసాయనాలు మానిన మరునాడే పొలం సేంద్రియం కాదు. ఎన్.పి.ఓ.పి. ప్రకారం ఏడాది పంటలకు విత్తనం వేయడానికి ముందు రెండేళ్లు, తోటలకు మొదటి కోతకు ముందు మూడేళ్లు మార్పిడి కాలం గడవాలి. 2025 జనవరిలో విడుదలైన ఎనిమిదవ కూర్పులో కొన్ని షరతుల మీద ఈ కాలాన్ని తగ్గించే వీలు కల్పించారు. మార్పిడి కాలంలో రైతు సేంద్రియ రైతులాగే ఖర్చు పెడతాడు, మామూలు రైతులాగే అమ్ముకుంటాడు.

దీని భారం ఎంతో ఒక లెక్క వేసి చూడవచ్చు. ఇందులోని అంకెలు పద్ధతి తెలియడానికి ఊహించినవే గాని ఏ మార్కెట్ ధరలూ కావు. ఎకరానికి కంది 6 క్వింటాళ్లు, క్వింటాలు రూ. 7,000 అనుకుంటే రాబడి రూ. 42,000. మార్పిడి కాలంలో దిగుబడి 5 క్వింటాళ్లకు తగ్గితే రాబడి రూ. 35,000. లోటు రూ. 7,000. ఎరువు, మందుల ఖర్చు రూ. 4,000 మిగులుతుంది. కలుపు కూలి రూ. 2,000 పెరుగుతుంది. నికరంగా ఏడాదికి రూ. 5,000, రెండేళ్లకు రూ. 10,000 నష్టం.

తర్వాత దిగుబడి 5.5 క్వింటాళ్లకు కోలుకుని, సేంద్రియ ముద్రకు 10 శాతం హెచ్చు ధర వచ్చిందనుకుందాం. రాబడి రూ. 42,350. పాత రాబడి కంటే రూ. 350 ఎక్కువ. ఖర్చులో మిగులు రూ. 2,000 కలిపి, ధ్రువీకరణ వాటా రూ. 500 తీసివేస్తే ఏడాదికి లాభం రూ. 1,850. పాత నష్టం పూడటానికి అయిదేళ్లు దాటుతుంది. హెచ్చు ధర 20 శాతం అయితే రాబడి రూ. 46,200, లాభం రూ. 5,700. నష్టం రెండేళ్ల లోపే పూడుతుంది.

ఇక్కడ అసలు కిటుకు ఒకటున్నది. 20 శాతం హెచ్చు ధర ఇస్తామన్న కొనుగోలుదారు పంటలో సగమే కొని, మిగిలిన సగాన్ని రైతు మామూలు ధరకు మార్కెట్ యార్డులో అమ్ముకోవలసి వస్తే సగటున దక్కేది 10 శాతమే. అందుచేత రైతు అడగవలసిన మొదటి ప్రశ్న ధర ఎంత అని కాదు, ఎంత సరుకు కొంటారు అని. కంది తర్వాత అదే పొలంలో వేసే జొన్నకు, పెసరకు కొనుగోలుదారు ఉన్నాడా అన్నది రెండవ ప్రశ్న. పంట మార్పిడి లేకుండా సేంద్రియ సాగు నిలవదు. మార్కెట్ మాత్రం ఒకే పంటను కోరుతుంది.

సర్టిఫికెట్ ఎవరి చేతిలో?

రెండు మూడెకరాల రైతు ఒంటరిగా ధ్రువీకరణ రుసుము భరించలేడు. అందువల్ల ఎన్.పి.ఓ.పి.లో 25 నుంచి 500 మంది రైతులు ఒక బృందంగా ఏర్పడే ఏర్పాటు ఉన్నది. బృందం తన లోపలి తనిఖీ తానే చేసుకుంటుంది. ధ్రువీకరణ సంస్థ కొన్ని పొలాలను ఎంపిక చేసుకుని సరిచూస్తుంది.

చాలాకాలం ఈ బృందాల నిర్వహణ ఎగుమతిదారుల చేతిలోనో, సేవా సంస్థల చేతిలోనో ఉండేది. రుసుము వారే కట్టేవారు, కాగితాలు వారి వద్దే ఉండేవి. సదుద్దేశంతో నడిపినచోట రైతుకు మేలే జరిగింది. కాని సర్టిఫికెట్ తన పేరిట లేని రైతుకు వేరొకరికి అమ్ముకునే స్వేచ్ఛ లేదు. బేరమాడే శక్తి అంతకన్నా లేదు. తన పేరు బృందం జాబితాలో ఉన్నదో లేదో తెలియని రైతులు కూడా ఉండేవారు. 2020 అక్టోబర్‌లో అంతర్జాతీయ సేంద్రియ వస్త్ర ప్రమాణాల సంస్థ గాట్స్ మన దేశపు సేంద్రియ పత్తిలో సుమారు 20,000 టన్నులకు నకిలీ లావాదేవీ సర్టిఫికెట్లు పుట్టినట్లు ప్రకటించడంతో ఈ లోపం లోకానికి తెలిసింది.

ఎనిమిదవ కూర్పులో రైతు బృందానికి చట్టబద్ధమైన సంస్థ హోదా ఉండాలని నిర్దేశించారు. అనగా సహకార సంఘమో, ఉత్పత్తిదారుల కంపెనీయో కావాలి. 2018లో చేసి 2022 జనవరి 1 నుంచి అమలు చేసిన ఐరోపా సమాఖ్య కొత్త సేంద్రియ చట్టం కూడా ఇదే కోరుతున్నది. రైతుకు ఇది హక్కు, అదే సమయంలో బరువు కూడా. సంస్థ అన్నాక లెక్కలు, ఆడిట్లు, సమావేశాలు, గుమాస్తా జీతం తప్పవు. ఈ ఖర్చుకు తట్టుకోలేని చిన్న బృందాలు చెదిరిపోతే చట్టం ఆశించిన ఫలితం దక్కదు.

ఎగుమతుల ఒడిదుడుకులు

అపెడా లెక్కల ప్రకారం సేంద్రియ ఎగుమతులు 2020–21లో 8.88 లక్షల టన్నులకు చేరి 104 కోట్ల డాలర్లు ఆర్జించాయి. అదే శిఖరం. 2021–22లో 4.60 లక్షల టన్నులు, 77 కోట్ల డాలర్లు. 2022–23లో 3.13 లక్షల టన్నులు, సుమారు 71 కోట్ల డాలర్లు. 2023–24లో 2.61 లక్షల టన్నులు, 49 కోట్ల డాలర్ల పైచిలుకు. 2024–25లో 3.68 లక్షల టన్నులు, సుమారు 66 కోట్ల 60 లక్షల డాలర్లతో మళ్లీ కొంత కోలుకున్నాయి.

ఈ పతనానికి గిరాకీ తగ్గడం ఒక్కటే కారణం కాదు. నిబంధనల దెబ్బ ఎక్కువ. అమెరికా 2006లో మన ధ్రువీకరణ వ్యవస్థకు ఇచ్చిన గుర్తింపును 2021 జనవరిలో ఉపసంహరించుకున్నది. 18 నెలల గడువు ముగిసిన పిమ్మట, 2022 జూలై నుంచి, అమెరికా గుర్తింపు పొందిన సంస్థ నేరుగా ఇచ్చే సర్టిఫికెట్ తప్పనిసరి అయింది. 2022లోనే సేంద్రియ సోయా పిండిపై అక్కడ భారీ సుంకాలు పడ్డాయి. ఐరోపాలో 2020 సెప్టెంబర్ నుంచి మన నువ్వులలో ఇథిలీన్ ఆక్సైడ్ అవశేషాలు బయటపడ్డాయి. క్రిములను చంపేందుకు వాడే ఈ వాయువు అక్కడ ఆహారంలో నిషిద్ధం. దరిమిలా ఐరోపా సమాఖ్య 2022 జనవరి నుంచి మన దేశంలోని అయిదు ధ్రువీకరణ సంస్థలకు గుర్తింపు నిలిపివేసింది. తప్పు కొన్ని బస్తాలలో జరిగింది. శిక్ష ఆ సంస్థల కింద నమోదైన రైతులందరికీ పడింది.

ఒక విశేషం గమనార్హం. 2020–21లో సగటున టన్నుకు సుమారు 1,170 డాలర్లు రాగా, 2024–25లో సుమారు 1,800 డాలర్లు వచ్చాయి. పరిమాణం పడిపోయినంతగా రాబడి పడిపోలేదు. తక్కువ ధర పలికే పిండి సరుకు తగ్గి మిగిలిన సరుకుల వాటా పెరగడమే ఇందుకు ముఖ్య కారణమని భావించవచ్చు. 2024లో తైవాన్‌తో, 2025 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియాతో పరస్పర గుర్తింపు ఒప్పందాలు కుదరడం కొత్త దారులు తెరిచింది.

తెలుగునాట అనుభవం

ఈ వ్యాపారంలో తెలుగు జిల్లాలకు చెప్పుకోదగిన చరిత్ర ఉన్నది. నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం 2003లో పురుగుమందులు లేని గ్రామంగా ప్రకటించుకున్నది. నేటి జనగామ జిల్లాలోని ఏనెబావి, సుమారు 50 కుటుంబాల చిన్న పల్లె, 2006 నాటికి రసాయన ఎరువులు కూడా మానివేసింది. సికింద్రాబాద్ తార్నాకలో కార్యాలయం గల సుస్థిర వ్యవసాయ కేంద్రం ఈ రెండు అనుభవాలతోనూ సన్నిహితంగా ముడిపడిన సంస్థ. దాని తోడ్పాటుతో రైతు సహకార సంఘాలు కలిసి సహజ ఆహారం పేరిట ఉత్పత్తిదారుల కంపెనీగా ఏర్పడి నగరంలో నేరుగా అమ్మకాలు సాగించాయి. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు జొన్న, కొర్ర, సామలను తమ సొంత హామీతో మార్కెట్‌కు తెచ్చాయి. ఈ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి లభించింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2016లో రైతు సాధికార సంస్థ ద్వారా మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం లక్షలాది రైతులకు విస్తరించి, 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతిని మరి ఇద్దరితో కలిసి అందుకున్నది. కేంద్ర ప్రభుత్వం కూడా 2024 నవంబర్‌లో రూ. 2,481 కోట్లతో జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. ప్రైవేటు రంగంలో 2004లో హైదరాబాద్ కేంద్రంగా ఆరంభమైన శ్రేష్ఠ సంస్థ 24 మంత్ర పేరిట దేశ విదేశాల్లో అమ్మకాలు సాగించింది. దానిని రూ. 472.5 కోట్ల వరకు చెల్లించి కొనుగోలు చేయనున్నట్లు 2025 ఏప్రిల్‌లో ఐ.టి.సి. ప్రకటించడం, పెద్ద కంపెనీలు ఈ సరుకును ఇక పక్క వ్యాపారంగా చూడటం లేదనడానికి నిదర్శనం.

మాటల మాయ

దుకాణం బోర్డుల మీద కనిపించే మాటలన్నీ సేంద్రియానికి మారుపేర్లు కావు. గానుగ నూనె అంటే నూనె తీసిన పద్ధతి మాత్రమే. ఆ పల్లీకి పొలంలో మందు కొట్టి ఉండవచ్చు. పాలిష్ పట్టని బియ్యం అంటే తవుడు తీయలేదని అర్థం. దేశవాళీ అంటే విత్తనం పాతదని అర్థం. చిరుధాన్యాలకు సాధారణంగా మందుల వాడకం తక్కువ. అంతమాత్రాన ప్రతి కొర్ర బస్తా సేంద్రియం కాదు. కల్తీ లేని పసుపు వేరు, సేంద్రియ పసుపు వేరు. ప్రకృతి వ్యవసాయం ఒక సాగు పద్ధతి. ధ్రువీకరణ లేనిదే దాని పంటను సేంద్రియ ముద్రతో అమ్మరాదు. ఇవన్నీ మంచి సరుకులే కావచ్చు. అయితే దేనికి చెల్లించవలసిన ధర దానికే చెల్లించాలి.

గమనించవలసిన అంశాలు

వర్తకులు: సేంద్రియ సరుకును మామూలు సరుకుతో కలవకుండా, వేరుగా కనిపించేలా ప్రదర్శించాలి. కొన్న ప్రతి లాట్‌కు బిల్లుతోపాటు ధ్రువీకరణ కాగితం నకలు దాచుకోవాలి. పెద్ద బస్తా విప్పి చిన్న సంచుల్లో నింపి ముద్ర వేయడం కూడా ధ్రువీకరణ పరిధిలోకి వచ్చే పని అని మరువరాదు. 2006 ఆహార భద్రత చట్టం ప్రకారం తప్పుడు లేబుల్‌కు రూ. 3 లక్షల వరకు, తప్పుదోవ పట్టించే ప్రకటనకు రూ. 10 లక్షల వరకు జరిమానా పడవచ్చు.

రైతులు: సర్టిఫికెట్ ఎవరి పేరిట ఉన్నదో, తన సర్వే నంబరు, పంట అందులో ఉన్నవో చూసుకోవాలి. నగరంలో చిల్లరగా అమ్మదలచినవారికి పి.జి.ఎస్. చాలు. ఎగుమతిదారునికి అమ్మదలచినవారు ఎన్.పి.ఓ.పి.లో చేరక తప్పదు. మార్పిడి కాలం గడిచాక కొనుగోలుదారును వెదకడం కాక, ముందే మాట తీసుకోవడం క్షేమం.

వినియోగదారులు: ముద్రల బొమ్మలు కాలానుగుణంగా మారుతుంటాయి. బొమ్మకన్నా సంచిమీద ధ్రువీకరణ సంస్థ పేరు, సర్టిఫికెట్ నంబరు ఉన్నవో లేవో చూడటం మేలు. విడిగా అమ్మే సరుకును సేంద్రియమంటే ఏ రైతు సంఘం నుంచి వచ్చిందని అడగాలి. నేరుగా అమ్మే చిన్న రైతు వద్ద ముద్ర ఉండకపోవచ్చు. అతని పంటపై అనుమానపడనక్కరలేదు. అక్కడ కాగితానికి బదులు ముఖ పరిచయమే హామీ.

ధోరణి

సేంద్రియ సరుకుకు నగరాలలో గిరాకీ నిలకడగా ఉన్నదనే చెప్పాలి. నిబంధనలు గట్టిపడటం వల్ల నకిలీ సరుకు కొంత తగ్గి, నిజమైన సరుకుకు ధర నిలబడే అవకాశం ఉన్నది. కాని ప్రతి కొత్త నిబంధనా ఒక కొత్త ఖర్చు. ఆ ఖర్చును పెద్ద కంపెనీ లక్ష బస్తాల మీద పంచుకుంటుంది, యాభై మంది రైతుల సంఘం రెండు వందల బస్తాల మీద పంచుకోవాలి. నమ్మకాన్ని నిలబెట్టేందుకు తెచ్చిన కాగితం, ఆ నమ్మకాన్ని మొదట సంపాదించిన పునుకుల, ఏనెబావి వంటి పల్లెల రైతులనే మార్కెట్ బయట నిలబెట్టకుండా చూడటం ఇప్పుడు ప్రభుత్వాల ముందున్న పని. సంఘాల లెక్కల ఖర్చు, పరీక్షల ఖర్చు తొలి కొన్నేళ్లు సర్కారు భరిస్తే ఈ సరుకు చిన్న రైతు చేతిలో నిలుస్తుంది. లేనిపక్షంలో సేంద్రియ పప్పు దుకాణంలో ఉంటుంది గాని, దాని హెచ్చు ధర పండించినవాని ఇంటికి చేరదు.